నాలుగో సూది

ఫిబ్రవరి 3

కుర్ర డాక్టరు కంప్యూటరు తెరను నావైపు తిప్పి, బూడిదరంగు మీద ఇంకాస్త ముదురు బూడిదరంగు మచ్చ చూపించాడు. ప్రోస్టేట్ గ్రంథికి కుడిపక్కన ఉందట. "ఏదైనా కావచ్చండీ, ఏమీ కాకపోనూ వచ్చు. బయాప్సీ చేసి, ముక్కలు తీసి చూస్తేగాని చెప్పలేం" అన్నాడు. ఇలాంటి వాక్యాలు రాసేవాళ్ల మీద నేను ఉద్యోగమంతా ఎర్రసిరా ధారపోశాను. ప్రచురణాలయంలో ప్రూఫులు దిద్దినవాడికి చివరికి జబ్బు కూడా దిద్దని వాక్యంలోనే వచ్చింది.

ఇంట్లో ఇంకెవరికైనా క్యాన్సరు ఉందా అని అడిగాడు. మా అన్నయ్యకి నిరుడు ఇక్కడే బయాప్సీ చేశారనీ, ఉన్నది తాబేలు నడక రకమనీ, మందూ మాకూ లేకుండా ఊరికే కనిపెట్టి చూస్తున్నారనీ చెప్పాను. పేరు చెప్పగానే డాక్టరు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"ఆయన మీ అన్నయ్యగారా! మా కాలేజీకి వచ్చి మాట్లాడారండీ. ఆ మాటలు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి."

ఉంటాయి. చెవుల్లో ఉండిపోయేలా చెక్కింది నేను. అతని ఉపన్యాసాలు, పుస్తకాలు, పెళ్లిళ్లలో చెప్పే ఆశీర్వాదాలు, చావుల్లో చెప్పే ఓదార్పులు, అన్నీ ఈ బల్ల మీద తయారైనవే. అతను నోరు తెరుస్తాడు, అంతే.

ఫిబ్రవరి 5

మా ఆవిడకి చెప్పాను.

"ముక్కలు తీయడం దేనికి? మొత్తం తీసి అవతల పారేయమనండి. ఎలాగూ ఖాళీగానే ఉంది కదా" అంది.

తర్వాత వంటింట్లో చాలాసేపు గిన్నెల చప్పుడు వినపడలేదు. వెళ్లి చూడలేదు.

ఫిబ్రవరి 9

అన్నయ్య వచ్చాడు. కమలాపళ్ల సంచి మా ఆవిడ చేతికిచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు. గదిలో ఎన్ని కుర్చీలున్నా అతనికి నాదే కావాలి.

"భయంగా ఉందా?"

"లేదు."

"ఉంటుందిలే. నాకు తెలీదూ నీ సంగతి? చిన్నప్పుడు టీకాలు వేసేవాళ్లొస్తే మంచం కింద దూరేవాడివి."

దూరింది అతను. నేను మంచం మీద కూర్చుని, కాళ్లు ఊపుతూ, అన్నయ్య కింద ఉన్నాడని వాళ్లకి చెప్పాను. ఇప్పుడు ఆ సంగతి ఎత్తితే లాభం లేదు. వందమంది సభలో అతను చెప్పిందే చరిత్ర.

"నాకు చేసేటప్పుడూ అడిగారురా. గ్యాస్ ఇస్తాం, పీలుస్తూ పడుకోండి, నొప్పి తెలీదన్నారు. నేనేమన్నానో తెలుసా?"

లేచి నిలబడ్డాడు. శ్రోతలు ఇద్దరున్నా చాలు అతనికి. కుడిచెయ్యి పైకి లేచింది.

"అమ్మా, తెలివిని తాకట్టుపెట్టి తెచ్చుకున్న సుఖం కన్నా, తెలివిలో ఉండి పడ్డ నొప్పే మనిషికి మర్యాద! అన్నాను. ఆ సిస్టర్ నోట మాట లేదు. చీమ కుట్టినట్టు కూడా లేదురా. కిక్కురుమనకుండా లేచొచ్చాను."

"బావగారంటే బావగారే" అని మా ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుంది.

నేను ఒత్తుకోలేదు. ఆ వాక్యం అతని మూడో పుస్తకంలో ధైర్యం గురించిన అధ్యాయంలోది. పన్ను పోటుకి మాత్రలు మింగి, పోటు తగ్గాక, తీరిగ్గా రాశాను.

అయినా వాక్యం బాగుంది. ఇన్నేళ్ల తర్వాత విన్నా ఎక్కడా కుంటలేదు.

ఫిబ్రవరి 17

రేపే. అన్నయ్య గ్యాస్ లేకుండా చేయించుకోగలిగితే నేనూ చేయించుకోగలను. ఆ మాట అతను అన్నాడు. నేను రాశాను. ఎవరి హక్కు ఎక్కువో చెప్పక్కర్లేదు.

ఫిబ్రవరి 18

నేను చదివిన పుస్తకాల్లో ఏ వీరుడూ వెనక కట్టులేని గౌను తొడుక్కుని, ఎడమపక్కకి తిరిగి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకోలేదు. పడుకుని ఉంటే ఆ పుస్తకాలు చాలా చిన్నవయ్యేవి.

సిస్టర్ నడివయసు మనిషి. చక్రాల బండి మీద సిలిండరు తోసుకొచ్చింది. దానికి గొట్టం, గొట్టం చివర నోట్లో పెట్టుకునే ముక్క.

"నైట్రస్ ఆక్సైడ్ అంటారు తాతగారూ. సగం అది, సగం ఆక్సిజను. పూర్తి మత్తు కాదు, నిద్ర పట్టదు. పీల్చినంతసేపూ హాయిగా ఉంటుంది, ఆపిన కాసేపటికి దిగిపోతుంది."

నేను ఆ వాక్యం చెప్పాను. మొత్తం చెప్పాను. పక్కకి తిరిగి పడుకుని గోడతో చెబుతుంటే దాని బరువు కొంత తగ్గిన మాట నిజం.

"ఏంటండీ?" అంది సిస్టర్.

"గ్యాస్ వద్దు."

"మీ ఇష్టం. మధ్యలో కావాలన్నా అడగండి, మొహమాటపడకండి."

డాక్టరు ముందు తిమ్మిరి సూది వేశాడు. అది సగానికే పనిచేసింది. తర్వాత స్కాను గొట్టం. అది వెళ్లిన దారి గురించి రాయను, మనిషికి డైరీలో కూడా కొంత మరుగుండాలి. తర్వాత టప్పుమని చప్పుడు, కాగితాలు కుట్టే యంత్రం చప్పుడులాంటిదే, కాకపోతే కాగితం నేను. ఒకటి. రెండు. మూడోదానికి పళ్లు బిగించి ఆ వాక్యాన్ని మనసులో అనుకున్నాను. "తెలివిని తాకట్టుపెట్టి" దాకా వచ్చింది.

నాలుగో సూదికి అరిచాను. ఏమని అరిచానో తెలియదు, మాట మాత్రం కాదు. కాలు దానంతటది వెనక్కి తన్నింది. ట్రే పడింది. సీసాలు దొర్లిన చప్పుడు. సిస్టర్ పొత్తికడుపు పట్టుకుని ఒక్క క్షణం వంగిపోయి, మళ్లీ నిలబడి, "ఏం పర్లేదు, ఏం పర్లేదు" అంది. తన్నించుకున్న మనిషే అలా అంటుంటే తన్నినవాడు ఎటు చూడాలి?

"గ్యాస్ ఇచ్చి కొనసాగిద్దామండీ" అన్నాడు డాక్టరు.

"ఆపండి" అన్నాను.

ఆపేశారు. అప్పటిదాకా తీసినవన్నీ ఎడమపక్కవే. మచ్చ కుడిపక్కన ఉంది.

ఫిబ్రవరి 19

రక్తం.

ఫిబ్రవరి 20

ఈరోజూ.

ఫిబ్రవరి 21

అన్నయ్య ఫోను.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"చూశావా! ఏముంది అందులో?"

మార్చి 4

ఫలితం వచ్చింది. తీసిన ముక్కల్లో ఏమీ లేదు. "కానీ ఇవి మనకి కావలసిన ముక్కలు కావండీ. పుండు మానాక నెలాఖరుకి మళ్లీ రండి, ఈసారి గ్యాస్ పెట్టుకుని చేద్దాం" అన్నాడు డాక్టరు. తలూపాను.

ఇంటికొచ్చి మా ఆవిడతో ఏమీ లేదన్నాను. అబద్ధం కాదు. తీసిన ముక్కల్లో ఏమీ లేదు.

మా ఆవిడ పక్కింటివాళ్లందరికీ మిఠాయి పంచింది.

ఏప్రిల్ 2

ఆసుపత్రి నుంచి ఫోను. తప్పు నంబరన్నాను.

మే 11

అన్నయ్య ఆత్మకథ మొదలుపెట్టాను. అతను వచ్చి నా కుర్చీలో కూర్చుని చెబుతాడు, నేను మా ఆవిడ కుట్టుమిషను స్టూలు మీద కూర్చుని రాస్తాను. అతను "నేను ఎన్నడూ ఎవరి ముందూ తలవంచలేదు" అంటాడు. వంచిన చోట్లన్నీ నాకు గుర్తే. పేరా మారుస్తాను.

ఒంటికి బాగానే ఉంది. మచ్చ అంటే మచ్చే. నా మొహం మీద ఎన్ని లేవు?

జూన్ 28

బాగానే ఉంది.

జులై 30

రాత్రిళ్లు లేవడం ఎక్కువైంది. నీళ్లు ఎక్కువ తాగుతున్నాను, అందుకే. మా ఆవిడ చూస్తోంది. అడగడం లేదు. అడగకపోవడంలో మా ఆవిడని మించినవాళ్లు లేరు.

ఆగస్టు 8

వదిన వచ్చింది. మోకాళ్ల నొప్పులతో మెట్లన్నీ ఎక్కింది, ఊసుపోక కాదు, మా ఆవిడ పిలిపించింది. నేను గదిలో పడుకున్నానని ఇద్దరూ అనుకున్నారు. తలుపు చేరవేసి ఉంది.

"ఈయన ఆసుపత్రి పేరెత్తితే మీద పడుతున్నారక్కయ్యా. అప్పుడు గ్యాస్ లేకుండా చేయించుకున్నారట. బట్టలన్నీ చెమటకి తడిసిపోయి వచ్చారు. బావగారిలాగా ఉండాలని పంతం."

"బావగారిలాగానా?"

"గ్యాస్ వద్దన్నారటగా."

వదిన నవ్వు మొదలుపెట్టింది. ఆవిడ నవ్వితే కుర్చీ కూడా కిర్రుమంటుంది.

"ఆయనా? గ్యాసా? వద్దనడమా? ఓసి పిచ్చిదానా! ఆ గొట్టం ఆయన దగ్గర్నుంచి లాక్కోవడానికి తల ప్రాణం తోకకొచ్చింది వాళ్లకి. పని అయిపోయిందండీ, ఇక ఇవ్వండి అంటే, ఇంకొక్క పీల్పమ్మా, ఇంకొక్కటి, అని బతిమాలాడు. నేను తెరకి ఇవతలే ఉన్నాగా! లోపల ఒకటే ఉపన్యాసం. 'సభకు నమస్కారం' దగ్గర్నుంచి మొదలుపెట్టి మొత్తం చదివాడు. మధ్యలో చప్పట్లు కూడా తనే కొట్టుకున్నాడు. చప్పట్లు కొట్టాలంటే గొట్టం వదలాలిగా, వదిలితే నొప్పి, అమ్మో అని మళ్లీ గొట్టం."

"మరి మాతో అలా..."

"ఆయన చెప్పేవి నువ్వు నమ్మడమే కాక మరిదిగారు కూడానా? ఆ మాటలు ఎక్కడ తయారవుతాయో మరిదిగారికి తెలీదూ?"

గోడవైపు తిరిగి పడుకున్నాను. ఎడమపక్కకి, మోకాళ్లు ముడుచుకుని. పడుకున్నాక గాని గమనించలేదు.

ఆగస్టు 9

నా వాక్యం నన్నే కాటేసింది. ఇలా రాసుకుంటే బాగుంటుంది గానీ నిజం కాదు. వాక్యం ఏం చేస్తుంది పాపం. అతను అబద్ధమాడాడు, నేను నమ్మాను. అతను మంచం కింద దూరినవాడని తెలిసీ నమ్మాను. ఎందుకు నమ్మానో రాయను.

రాస్తే ఏమవుతుంది. అతనికి కడుపులో ఏదో ఒకటి, నేను రాసివ్వనిది, ఉండి ఉంటుందనుకున్నాను.

ఆగస్టు 10

మా ఆవిడకి అంతా చెప్పాను. ఎడమపక్క ముక్కలు, కుడిపక్క మచ్చ, తప్పు నంబరు.

తిడుతుందనుకున్నాను.

"మిఠాయి పంచానే నేను" అంది.

ఆగస్టు 26

మళ్లీ ఆ గది. అదే సిస్టర్. నన్ను గుర్తుపట్టి బండిని నా కాళ్లకి అందనంత దూరంలో పెట్టింది. క్షమించమన్నాను. "మా ఆయన కన్నా మీరే నయం, మీది ఒక్క దెబ్బతో పోయింది" అని నవ్వేసింది. ఆ నవ్వులో ఎంత నిజముందో నాకు తెలియదు.

"వినండి తాతగారూ. గొట్టం మీరే పట్టుకోవాలి. నేను పట్టుకోను, డాక్టరుగారు పట్టుకోరు, మీవాళ్లనీ పట్టుకోనివ్వను. కావాలంటే పీల్చండి, వద్దంటే తీసేయండి. సరిపడా లోపలికి పోతే చెయ్యి దానంతటదే జారిపోతుంది. అప్పుడు మీరు గది గాలి పీలుస్తారు, మళ్లీ తేరుకుంటారు. అదే దీనికి కాపలా. ముందు కాసేపు పీల్చండి, తర్వాతే సూదులు."

పీల్చాను. మొదట ఏమీ లేదు, రబ్బరు వాసన. తర్వాత పెదవులు ఎవరివో అయ్యాయి. చెవుల్లో తేనెటీగలు. గది గోడలు కాస్త వెనక్కి జరిగి నాకు చోటిచ్చాయి. టప్పుమని చప్పుడు వినపడింది. నొప్పి ఉంది, లేదనను, కానీ పక్కింట్లో ఉంది. పక్కింటివాళ్ల గొడవ విన్నట్టు విన్నాను. అయ్యో అనుకున్నాను కూడా, ఎవరి గురించో.

నేను దీనికి సిద్ధపడి వెళ్లాను. అన్నయ్య లోపల ఉన్నది ఉపన్యాసమైతే, నా లోపల ఉన్నది నలభై ఏళ్ల పగ. గ్యాస్ దాని మూత తీస్తుంది, డాక్టరూ సిస్టరూ వింటారు, ఏ పుస్తకం ఎవరిదో, ఏ చప్పట్లు ఎవరికి చెందాలో ఒక్క గదికైనా తెలుస్తుంది. ఆ మాటలు వరసలో పెట్టుకుని మరీ పడుకున్నాను.

తేరుకున్నాక అడిగాను.

"నేనేమన్నాను?"

"ఏమీ అనలేదండీ. బంగారంలా పడుకున్నారు."

"ఒక్క మాట కూడా?"

"ఆ... గోడ మీద చేతులు కడుక్కోమని బోర్డుంది చూడండి, అందులో ఏదో వాక్యం తిరగరాయమన్నారు. అలాగేనండీ అన్నాను. ఇంకో రెండుసార్లు అడిగారు, అయిందా అని."

మూత తీస్తే ఉన్నది అది. పగ కాదు, బోర్డు.

కుడిపక్కవన్నీ తీశారు. చెయ్యి ఎప్పుడు జారిందో తెలియదు. ఇంత తేలికైనదాన్ని నేను అంత బరువైన వాక్యంతో కాదన్నాను. సిలిండరు తోసుకెళ్తుంటే చక్రం కిచకిచమంది, నాకు ఎందుకో నవ్వొచ్చింది, గ్యాస్ దిగిపోయాక కూడా.

సెప్టెంబరు 5

ఉంది. నడిచే రకం కాదు, పరిగెత్తే రకం.

"ఫిబ్రవరిలో దొరికి ఉంటే ఆపరేషనుతో పోయేదండీ. ఇప్పుడు గ్రంథి అంచు దాటింది. రేడియేషను, ఇంజెక్షన్లు, చేద్దాం. చాలామంది బాగుంటారు" అన్నాడు డాక్టరు. ఈసారి అతని వాక్యాల్లో "కావచ్చు" లేదు. ఉంటే బాగుండేది.

మెట్లు దిగుతూ మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. తను పడిపోకుండా ఉండటానికని చెప్పింది.

అన్నయ్యకి చెప్పవద్దన్నాను. వదినకి కూడా. అతనికి ఎలా చెప్పాలో నేను ఆలోచించుకుంటాను. ఇది నా చేతికి దొరికిన మొదటి ఆయుధం, పదును పెట్టకుండా వాడను.

సెప్టెంబరు 14

అతనే దారి చూపించాడు.

"ఒరేయ్, ఆసుపత్రి సంగతి ఒక అధ్యాయం పెడదాం. గ్యాస్ వద్దన్నది. ఆ సిస్టర్ చెమర్చిన కళ్లు, అవన్నీ. సూది దిగుతుంటే మనిషికి లోపల ఎలా ఉంటుందో నువ్వు కాస్త పెంచి రాయి. నాకు అప్పుడంత గమనించే తీరిక లేదు."

"నొప్పి ఎలా ఉందని రాయమంటావు?"

"నీకు తెలీనిదేముంది? నువ్వూ చేయించుకున్నావుగా."

"చేయించుకున్నాను."

"అదే రాయి."

సరేనన్నాను.

సెప్టెంబరు 15 - 27

రాస్తున్నాను. అదే.

సెప్టెంబరు 28

పూర్తయింది. నేను ఇన్నేళ్లూ రాసినవాటిలో ఇంత పొగరులేని వచనం లేదు. "నేను" అని మొదలవుతుంది, అతని పుస్తకాలన్నీ అలాగే మొదలవుతాయి. ఆ "నేను" గౌను తొడుక్కుంటాడు, గోడతో గొప్ప వాక్యం చెబుతాడు, నాలుగో సూదికి జంతువులా అరుస్తాడు, తనకి మేలు చేయవచ్చిన ఆడమనిషిని తన్నుతాడు, సగంలో లేచిపోతాడు. ఇంటికెళ్లి పెళ్లాంతో ఏమీ లేదంటాడు. ఆరునెలలు పరువుని చూసుకుని, జబ్బుని చూసుకోడు. చివరి పేరాలో డాక్టరు అంచు దాటిందంటాడు.

ఎక్కడా అబద్ధం లేదు. సర్వనామం తప్ప.

పంపించాను.

అక్టోబరు 1

మధ్యాహ్నం భోజనాల వేళ ఫోను. హలో కూడా లేదు.

"ఏంట్రా ఇది? మతి పోయిందా నీకు?"

"ఏది?"

"నేను అరిచానా? నేను తన్నానా? సగంలో పారిపోయానా? నలుగురూ చదివితే ఏమనుకుంటారు? నాకేం ఖర్మ! నేను హాయిగా గ్యాస్ పీలుస్తూ..."

ఆగిపోయాడు.

ఈ నిశ్శబ్దం కోసం ఎన్నాళ్లు ఎదురుచూశానో అతనికి తెలియదు. తీరా వచ్చాక అందులో టీవీ చప్పుడు వినపడింది, వాళ్లింట్లోది.

"మీ వదిన చెప్పిందా?"

"ఇప్పుడు నువ్వు చెప్పావు."

"అది కాదురా... నీకు ధైర్యం చెబుదామనే కదా నేను..."

"చెప్పావు. నేను గ్యాస్ వద్దన్నాను. అందులో ఉన్నది జరిగిందే. నీకు కాదు."

"ఎప్పుడు?"

"ఫిబ్రవరిలో."

"అయిపోయిందన్నావు కదా!"

"నువ్వు చీమ కుట్టినట్టు కూడా లేదన్నావు కదా."

టీవీ చప్పుడు ఆగింది. ఎవరో ఆపారు.

"మరి ఆ చివరి పేరా? డాక్టరు... దాటిందని... అదీ జరిగిందేనా?"

"జరిగిందే."

గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు నాకు తెలుసు, దాని తర్వాత ఏం వస్తుందో కూడా తెలుసు. "చూడు తమ్ముడూ, మనిషి నుంచి కాలం ఏది తీసుకున్నా, అతను నిలబడ్డ తీరుని మాత్రం..." అన్నాడు. ఐదో పుస్తకం, ఓదార్పుల భాగం. నేనే రాశాను. ముగింపు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను, ఎలా ముగుస్తుందో తెలిసీ.

ముగించలేదు. మధ్యలో తెగిపోయింది. నేనెన్నడూ వినని ఒక చిన్న గొంతుతో, మంచం కింద నుంచి వచ్చినట్టు, "ఒరేయ్... నాకేం అనాలో తెలీటం లేదురా" అన్నాడు.

అతని నోట అతని సొంత వాక్యం వినడం ఇదే మొదలు. అందులో దిద్దడానికి నాకేమీ కనపడలేదు. ఫోను చెవికి అలాగే ఆనించుకుని కూర్చున్నాను. మా ఆవిడ వచ్చి, అన్నం చల్లారిపోతోందని చెప్పి, నా మొహం చూసి, ఎదురుగా కూర్చుంది.